రెండుసార్లు ఎండిన హౌజు

మసీదుకు వెళ్ళే వాళ్ళందరికీ హౌజు అంటే ఏమిటో తెలుసు. వజూ చేసుకోవడానికి కట్టిన నీళ్ళ తొట్టి. హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలోని హౌజు చూడని వాళ్ళు మన సభ్యులలో బహుశా అరుదు. అయితే ఢిల్లీలో హౌజ్ ఖాస్ ఎక్కడని అడిగితే మొదట మెట్రో స్టేషను చూపిస్తారు, ఆ తరువాత కాఫీ హోటళ్ళు, బట్టల దుకాణాలు ఉన్న సందు చూపిస్తారు. ఆ పేరులోకి హౌజు ఎందుకు వచ్చిందో చెప్పేవారు తక్కువ. ఖాస్ అంటే ప్రభువుకు చెందినది. రాచచెరువు అన్నమాట. ఏడు వందల ఏళ్ళు పైబడిన ఈ చెరువు రెండుసార్లు ఎండిపోయి, రెండుసార్లు మళ్ళీ నీళ్ళు చూసింది.

కిందటి చలికాలంలో మేము ఢిల్లీలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం మనుమరాలిని వెంటబెట్టుకుని అక్కడికి పోయాము. పాత మదరసా శిథిలాల మధ్య ఒక గోడ నీడన కూర్చున్నాము. వెనుక గుమ్మటాలు, కింద నీళ్ళు, నీళ్ళ మీద బాతులు. చూడ ముచ్చటగానే ఉంది. పిల్ల మాత్రం ముక్కు మూసుకుని, "నానాజాన్, సుల్తానుగారి చెరువంటున్నారు, మరి నీళ్ళు ఇంత ఆకుపచ్చగా ఉన్నాయేం?" అని అడిగింది. మాకు అప్పటికి జవాబు తోచలేదు. నాచు పట్టిందమ్మా అని ఏదో సర్దిచెప్పాము. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే ఆ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో దొరికేది కాదని తెలిసింది. ఈ ఏడాది సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగారు కాబట్టి, ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాము. చివరికి ఇది మన ఈద్గా వెనుక కుంట దగ్గరకు వస్తుందని ముందే మనవి చేసుకుంటున్నాము.

ఢిల్లీ సుల్తానులకు నీళ్ళ ఇబ్బంది మొదటినుంచీ ఉన్నదే. యమున ఉన్నది గదా అనుకుంటాము. కాని తొలి సుల్తానులు కట్టుకున్న పట్టణాలు నదికి ఎడంగా, రాతిగుట్టల దాపున ఉండేవి. కాబట్టి వానకాలంలో గుట్టల మీద పడ్డ నీటిని పట్టి నిలుపుకోవడమే వాళ్ళకు దారి. 1230 ప్రాంతంలో ఇల్తుత్మిష్ మెహ్రౌలీలో షంసీ హౌజు తవ్వించాడు. తరువాత అల్లావుద్దీన్ ఖిల్జీ, 1296 నుంచి 1316 దాకా ఏలినవాడు, సీరీ అనే కొత్త కోట పట్టణం కట్టించి, దాని జనం తాగేందుకు పడమటి వైపున ఇంకా పెద్ద చెరువు తవ్వించాడు. దానికి ఆయన పేరు మీద హౌజ్-ఎ-అలాయీ అని పేరు. ఇప్పటి హౌజ్ ఖాస్ అదే. సుమారు 600 మీటర్ల వెడల్పు, 700 మీటర్ల పొడవు ఉండేదని లెక్క కట్టారు. అంటే వంద ఎకరాలకు పైమాటే.

ఆ చెరువు నిండుగా ఉన్న రోజుల్లో చూసి రాసిపెట్టినవాడు ఇబ్న్ బతూతా. మొరాకో దేశం నుంచి బయలుదేరి, 1334లో ఢిల్లీ చేరి, మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా ఉన్న యాత్రికుడు. షంసీ హౌజు గురించి ఆయన చెప్పిన ఒక సంగతి మన పల్లెటూరి వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. నీరు తగ్గినప్పుడు ఆ చెరువు అంచుల్లో చెరుకు, దోస, పుచ్చ వేసేవారట. మన దగ్గర ఎండాకాలం చెరువు శిఖంలో దోసపాదులు పెట్టినట్లే. హౌజ్ ఖాస్ దానికన్నా పెద్దదనీ, గట్టున నలభై దాకా గుమ్మటాలున్నాయనీ, చుట్టూ పాటగాళ్ళూ వాద్యగాళ్ళూ కాపురముంటారనీ, ఆ పేటకు తరబాబాద్ అని పేరనీ రాశాడు. తరబ్ అంటే ఆటపాటల ఆనందం. అక్కడ పెద్ద బజారు, ఒక జుమా మసీదు, ఇంకా అనేక మసీదులు ఉండేవట. రంజాను నెలలో ఆ పేట పాటకత్తెలు గుంపుగా చేరి, ఇమాముల వెనుక తరావీహ్ నమాజు చదివేవారని తాను విన్నట్లు చెప్పాడు. పాట పాడేవాళ్ళను గురించి తేలికగా మాట్లాడే పెద్దలు మనలో కొందరున్నారు. వాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదువుకుంటే బాగుంటుంది.

అంటే ఆ చెరువుకు గట్టు మాత్రమే కాదు, గట్టు మీద ఊరు కూడా ఉన్నదన్నమాట. బజారు, మసీదు, పాట, పడవ. ఇంత సందడి ఉన్న చెరువు ఎలా ఎండింది?

1351లో ఫిరోజ్ షా తుగ్లక్ గద్దె ఎక్కాడు. తాను చేయించిన పనులను గురించి ఫుతూహాత్-ఎ-ఫిరోజ్‌షాహీ అనే చిన్న పుస్తకం ఆయనే రాసుకున్నాడు. అందులో రెండు చెరువుల ముచ్చట పక్కపక్కనే ఉంది. షంసీ హౌజుకు నీళ్ళు తెచ్చే కాలువలను కొందరు దుర్మార్గులు మూసేశారనీ, వాళ్ళను శిక్షించి కాలువలు తిరిగి తెరిపించాననీ చెప్పుకున్నాడు. అలాయీ హౌజు సంగతి అంతకన్నా అన్యాయం. నీళ్ళు లేవు, పూడిపోయింది. జనం అందులో సేద్యం చేసుకుంటున్నారు. అంతేకాదు, చెరువు గర్భంలోనే బావులు తవ్వి ఆ నీళ్ళు అమ్ముకుంటున్నారు!

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి ఉంది. నీరు తగ్గినప్పుడు దోసపాదు పెట్టుకున్న రైతుకూ, చెరువులో బావి తవ్వి నీళ్ళు అమ్మే ఆసామికీ చాలా తేడా ఉంది. దోసపాదు రైతు వాన పడగానే బుట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతాడు. బావి యజమానికి వాన పడకపోతేనే మేలు. చెరువు నిండితే ఆయన బేరం మునిగిపోతుంది. అందరి నీళ్ళు ఎండితేనే ఒకరి నీళ్ళకు ధర. ఆనాటి మట్టిబావుల స్థానంలో ఈనాడు ట్యాంకరు లారీలు వచ్చాయి, అంతే తేడా. ఒక తరం గడిచేసరికి ఇంత పెద్ద చెరువు ఈ స్థితికి వచ్చిందని ఫిరోజ్ షా మాటలను బట్టి తెలుస్తుంది. ఇబ్న్ బతూతా చూసిన నలభై గుమ్మటాలు దానిని కాపాడలేకపోయాయి.

ఫిరోజ్ షా చేసినవన్నీ మనకు సమ్మతమని ఎవరూ అనుకోవద్దు. అదే పుస్తకంలో, కొత్తగా కట్టిన గుడులను పడగొట్టించిన సంగతి కూడా ఆయన గర్వంగానే రాసుకున్నాడు. చదువుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పడమే చరిత్ర కాబట్టి అదీ చెబుతున్నాము. కాని నీళ్ళ విషయంలో మాత్రం ఆయన చేసిన పని వరుస చూస్తే ఈనాటి ఇంజనీర్లు కూడా తల ఊపుతారు. మొదట నీళ్ళు వచ్చే దారి. తరువాత నీళ్ళు నిలిచే చోటు, అనగా పూడికతీత. ఆ రెండూ అయిన తరువాత గట్టు. ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలని మనవి.

గట్టు మీద ఆయన ఏం కట్టాడు? రాజభవనం కట్టలేదు, కోట కట్టలేదు. 1352లో మదరసా కట్టాడు.

ఆ కట్టడం గురించి తీరుబడిగా చెప్పాలి. చెరువుకు తూర్పు గట్టు వెంట ఒక వరుస, దక్షిణపు గట్టు వెంట ఒక వరుస. రెండూ కలిసే మూలమీద సుల్తాను తన కోసం కట్టించుకున్న సమాధి మందిరం. ఒక వరుస సుమారు 76 మీటర్లు, రెండవది సుమారు 138 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఒక్క అంతస్తు, చెరువు వైపు నుంచి చూస్తే రెండు అంతస్తులు. ఎందుకంటే గట్టు వాలును చెక్కి పాడుచేయకుండా, ఆ వాలుకే ఆనించి కట్టారు. పైన వరండాలు, ముందుకు పొడుచుకు వచ్చిన కిటికీలు. అన్నీ నీళ్ళ వైపే. కింది అంతస్తులో చిన్న చిన్న గదులు. పై నుంచి నీళ్ళ దగ్గరకు దిగడానికి మెట్లు. ఎండాకాలపు మధ్యాహ్నం ఢిల్లీలో గడిపినవాళ్ళకు, నీళ్ళ మీదుగా వచ్చే గాలికి ఎదురుగా తెరిచిన కిటికీ విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వెనుక వైపు తోటలాంటి ఆవరణలో చిన్న చిన్న ఛత్రీలు. పంతుళ్ళూ పిల్లలూ కూర్చోవడానికి అవి వీలైన చోట్లు. కొన్నిటి కింద సమాధులు కూడా ఉన్నాయి.

ఉత్తరపు కొసన ఉన్న చిన్న మసీదు మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది. మామూలుగా మిహ్రాబ్ అంటే ఖిబ్లా గోడలో లోపలికి తొలిచిన గూడు. ఇక్కడ అలా కాదు. పడమటి వైపు చెరువు ఉంది గదా. అందుకని మిహ్రాబ్‌ను గోడతో మూసేయకుండా, పక్కలు తెరిచిన చిన్న మంటపంలాగా చెరువు మీదికి జరిపి కట్టారు. నమాజుకు నిలబడినవాడి కళ్ళకు ఎదురుగా వెలుతురు, దాని వెనుక నీళ్ళు. ఇటువంటి ఏర్పాటు మేము మరెక్కడా చూడలేదు. కట్టినవాడు ఎవడో గాని, నీళ్ళను అడ్డు అనుకోలేదు, మసీదులో భాగం అనుకున్నాడు.

మదరసా పెద్దగా మౌలానా జలాలుద్దీన్ రూమీ అనే పండితుడు ఉండేవాడు. మస్నవీ రాసిన మహాకవి కాదు, ఆ పేరే ఉన్న మరొక విద్వాంసుడు. ముతహ్హర్ అనే కవి ఈ మదరసాకు వచ్చి, ఇక్కడి తివాచీలు, వంటకాలు, పరిమళాల గురించి పాట కట్టాడు. చరిత్రకారుడు బర్నీ కూడా ఈ స్థలాన్ని తెగ మెచ్చుకున్నాడు. కవులు కొంచెం ఎక్కువే చెబుతారు, రాజాశ్రయంలో ఉన్నవారు ఇంకొంచెం ఎక్కువ చెబుతారు. అయినా పోగా మిగిలినది చాలు. దూరదేశాల నుంచి వచ్చిన పిల్లలకు ఉండటానికి గది, తినడానికి తిండి, కూర్చుని చదువుకోవడానికి నీళ్ళ పక్కన చల్లని చోటు ఆ చెరువు గట్టున దొరికేవి.

మా ఊహ ఏమిటంటే, పండితులూ పిల్లలూ రోజూ ఆ నీళ్ళతోనే వజూ చేసి, ఆ నీళ్ళే తాగి, ఆ గాలికే చదువుకుంటూ ఉంటే, ఎవరైనా వచ్చి రాత్రికి రాత్రి కాలువలో మట్టి పోయడం అంత సులువు కాదు. కావలివాడు ఒక్కడుంటే లంచం పెట్టవచ్చు. రెండు వందల కళ్ళను ఎలా మూయిస్తారు? పాటల పేట కాపాడలేనిదాన్ని బడి కాపాడిందా అని ఎవరైనా అడగవచ్చు. పాటను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. చెరువు అందం చూసి వచ్చేవాళ్ళు అది ఎండితే మరో చోటికి పోతారు. చెరువు నీళ్ళు తాగి బతికేవాళ్ళు ఎండకుండా చూసుకుంటారు.

ఫిరోజ్ షా 1388లో చనిపోయి అక్కడే సమాధి అయ్యాడు. పదేళ్ళకు, 1398లో, తైమూరు ఢిల్లీ మీదికి వచ్చి, పట్టణాన్ని చెప్పరానంత నాశనం చేశాడు. అతని సైన్యం ఈ చెరువు దగ్గరే దిగింది. తైమూరు చరిత్ర జఫర్‌నామా రాసిన యజ్దీ, ఒక గట్టు నుంచి బాణం వేస్తే అవతలి గట్టు చేరనంత పెద్ద చెరువని, వానకాలంలో నిండితే ఏడాది పొడుగునా జనానికి నీళ్ళు సరిపోతాయని చెప్పాడు. శత్రువు పక్షాన రాసిన మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ. ఇంకో వందేళ్ళకు సికందర్ లోడీ కాలంలో సమాధి మందిరానికి మరమ్మతులు జరిగినట్లు ద్వారం మీద 1508 నాటి శాసనం ఉంది. తరువాత రాజధానులు ఆగ్రాకు, అక్కడి నుంచి యమున ఒడ్డున షాజహానాబాదుకు మారాయి. పిల్లలు పోయారు, పంతుళ్ళు పోయారు. ఖాళీ గదుల చుట్టూ ఒక పల్లె లేచింది. చెరువు మెల్లగా పూడుతూ వచ్చింది.

రెండోసారి చావు మన కాలంలో వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత ఢిల్లీ దక్షిణం వైపు పెరిగింది. 1950ల నుంచి కాలనీల మీద కాలనీలు లేచాయి. ఎవరూ చెరువును పగబట్టి చంపలేదు. ఒక రోడ్డు వేశారు, ఒక మురుగు కాలువ తిప్పారు, ఒక గుట్ట చదును చేశారు. ప్రతి పనికీ ఏదో ఒక ఆఫీసులో అనుమతి ఉండే ఉంటుంది. అన్నీ కలిసేసరికి గుట్టల మీది నీరు చెరువుకు రావడం మానేసింది. చుట్టూ మాత్రం పార్కు వేశారు, జింకలను తెచ్చి పెట్టారు, గులాబీ తోట పెంచారు. పార్కు మధ్యలో చెరువు ఎండిపోయిన గుంటగా మిగిలింది. ఫిరోజ్ షా వరుసకు ఇది సరిగ్గా తలకిందులు.

2000 తరువాత మొదటి ఏళ్ళలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ వారూ, కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ వారూ కలిసి దీన్ని మళ్ళీ నింపాలని పూనుకున్నారు. కాని నీళ్ళు ఎక్కడివి? పాత దారులు కాలనీల కింద పడిపోయాయి. అప్పుడు వసంత్ కుంజ్‌లో ఇళ్ళ మురుగును శుద్ధి చేసే కర్మాగారం నుంచి నీటిని సంజయ్ వనం అనే అడవి గుండా మళ్ళించి, అక్కడి మడుగుల్లో మరికొంత తేటపడనిచ్చి, హౌజ్ ఖాస్‌కు చేర్చారు. చెరువు నిండింది, పక్షులు తిరిగి వచ్చాయి. పాత చెరువు వంద ఎకరాలైతే ఇప్పుడు నీళ్ళున్నది సుమారు 15 ఎకరాలు. అయినా ఎండిన గుంట చూసిన కళ్ళకు అది పండుగే.

ఇక మా మనుమరాలి ప్రశ్న. శుద్ధి చేసిన మురుగునీరు చూడటానికి తేటగానే ఉంటుంది. కాని అందులో నత్రజని, భాస్వరం మిగిలే ఉంటాయి. పొలానికి యూరియా, సూపరు వేసినట్లే అది నాచుకు ఎరువు. పైగా పాత రోజుల్లో ఏటా వానకాలం కొత్త నీరు వచ్చి చెరువును కడిగేది. ఇప్పుడు నీరు నిలవ. ఎండ తగలగానే నాచు కమ్ముకుంటుంది. చచ్చిన నాచు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. అప్పుడే వాసన, అప్పుడే చేపలు తేలడం. చెరువుకు ఆకలి కాదమ్మా, అజీర్తి చేసింది అని ఆ పిల్లకు ఫోనులో చెప్పాము. అయితే వాము పెట్టండి అన్నది.

వాము లాంటిదే పెట్టారు కూడా. 2018 తరువాత అక్కడ కొందరు యువ ఇంజనీర్లు పూనుకుని, నీరు చెరువులో కలిసే ముందు గులకరాళ్ళ మడుల గుండా పోయేటట్లు చేసి, ఆ మడుల్లో రెల్లు జాతి మొక్కలు నాటారు. నీటి మీద తేలే తెప్పలు కట్టి వాటిలోనూ మొక్కలు పెంచారు. వేళ్ళు నీటిలోకి వేలాడి, నాచు తినవలసిన తిండి అవి తినేస్తాయి. మన హైదరాబాదులోనే, మణికొండ దాపున నెక్నాంపూర్ చెరువులో 2018లో ఇటువంటి తేలే తెప్పను 3,000 చదరపు అడుగుల మేర వేశారు. ఖర్చు పెద్దది కాదు. ఓపిక మాత్రం పెద్దదే కావాలి. మొక్కలను కోస్తుండాలి, ఎండినవి తీస్తుండాలి. మనిషి చెయ్యి ఆగితే తెప్ప కూడా కుళ్ళి అదే చెరువులో పడుతుంది.

గట్టు ఎవరి కోసం అన్న ప్రశ్న ఇంకొకటి ఉన్నది. అహమ్మదాబాదులో కాంకరియా చెరువు ఉంది. 1451లో సుల్తాన్ కుత్బుద్దీన్ కట్టించినది. 2008లో దానికి కొత్త సొగసులు అద్ది, చుట్టూ గోడ పెట్టి, గేట్ల దగ్గర టికెట్టు పెట్టారు. శుభ్రంగా ఉంటుంది, కాదనము. కాని అంతకుముందు ఆ గట్టున గుడిసెల్లో ఉన్న బీదలు ఖాళీ చేయవలసి వచ్చింది. సాయంత్రం ఊరికే వచ్చి కూర్చునే కూలివాడికి ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టనిదే నీళ్ళు కనపడవు. ఇది బాగుచేయడమా, ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇవ్వడమా అన్నది ఆలోచించవలసిన విషయం.

హుస్సేన్ సాగర్ కథ మనవాళ్ళకు కొత్త కాదు కాబట్టి పొడిగా చెబుతాము. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హజ్రత్ హుస్సేన్ షా వలీగారి పర్యవేక్షణలో కట్టినది. అప్పటికి హైదరాబాదు పట్టణం లేదు, అది 1591లో వచ్చింది. అంటే చెరువు ఊరికన్నా పెద్దది. 1930 ప్రాంతం దాకా జనం ఆ నీళ్ళు తాగారంటే ఈనాడు ఎవరు నమ్ముతారు? 1946లో సర్ మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉండగా కట్ట వెడల్పు చేయించారు. తరువాత కట్ట మీద విగ్రహాలు, 1992 డిసెంబరులో నీళ్ళ మధ్య బుద్ధ విగ్రహం, 1994లో లుంబినీ పార్కు, ఆ వెనుక నెక్లెస్ రోడ్డు. ఇన్ని సొగసులు చేస్తున్నంత కాలం కూకట్‌పల్లి నాలా ఫ్యాక్టరీల కశ్మలాన్ని తెచ్చి చెరువులో పోస్తూనే ఉన్నది. జపాను బ్యాంకు అప్పుతో 2006లో నాలాల మళ్ళింపు, శుద్ధి, పూడికతీత పెద్ద ఎత్తున తలపెట్టారు. ముందు గట్టు, తరువాత నీళ్ళు. ఏటా వినాయక నిమజ్జనం రోజుల్లో ఆ చెరువు మురికి గురించి పేపర్లలో చర్చ రేగుతుంది. రంగుల విగ్రహాల వల్ల కొంత చెడుపు ఉన్నమాట నిజమే. కాని ఆ పేరు మీద ఎవరైనా మన ముందు పొరుగువారి పండుగను ఆడిపోసుకుంటే ఒప్పుకోకూడదు. ఏడాదికి 365 రోజులూ పారే నాలాకు మతం లేదు. అందులో మన ఇళ్ళ నీళ్ళూ ఉన్నాయి.

పూర్తిగా పోయిన చెరువు చూడాలంటే మాసబ్ ట్యాంకుకు పోవాలి. కుతుబ్ షాహీ రాజవంశపు స్త్రీ పేరు మీద మా సాహెబా తాలాబ్ అనేవారు. జనం నోట మాసబ్ అయింది. ఈనాడు బస్సు స్టాపుకు పేరు ఉన్నది, ఫ్లైఓవరుకు పేరు ఉన్నది, పిల్లల పార్కు ఉన్నది. తాలాబ్ లేదు.

ఇప్పుడు మన కుంట. ఈద్గా వెనుక ఉన్న కుంటలో ఈత నేర్చుకున్నవాళ్ళు మన సంఘంలో ఇంకా పదిమందైనా ఉన్నారు, మేమూ అందులో ఒకరము. ఈద్ నమాజుకు ముందు అక్కడే వజూ చేసేవాళ్ళం. ఇప్పుడు అందులో గుర్రపుడెక్క తప్ప మరేమీ కనిపించదు. ఎవరు చేశారు అంటే వేలు బయటికి చూపించడం తేలిక. కాని తూర్పు వైపు కుంటలోకి దిగిన మురుగు గొట్టాలు లెక్కపెట్టి చూశాము, పదకొండు. అందులో ఏడు మన సభ్యుల ఇళ్ళవే. కాలువ పూడ్చి బండ్లు నిలుపుకునే స్థలం చేసుకున్నవారు కూడా మనకు బయటివారు కారు. పేర్లు అనవసరం, వారికి తెలుసు, మనకూ తెలుసు. ఫిరోజ్ షా అయితే శిక్షించేవాడు. మన సంఘానికి ఆ అధికారం లేదు, ఉండనక్కరలేదు కూడా. ఒకరి ఇంటికి ఒకరం వెళ్ళి అడగగలిగిన చనువు ఉంది.

కుంట ఒడ్డున షాదీఖానా కట్టాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానం అయింది. నమూనా చూశాము. కుంట వైపు పది అడుగుల గోడ, గోడకు ఆనించి వంటశాల, మరుగుదొడ్లు. ముందు వైపు ఫౌంటెను! అసలు నీళ్ళకు వీపు చూపించి, కుళాయి నీళ్ళతో ఫౌంటెను పెట్టుకోవడం మాకు మింగుడుపడలేదు. కమిటీవారు అన్యథా భావించవద్దు. వాళ్ళు రాత్రింబగళ్ళు తిరిగి చందాలు పోగుచేసిన సంగతి మాకు తెలుసు. మేము అడిగేది నమూనాను తిప్పమని. వరండా కుంట వైపు రావాలి. మెట్లు నీళ్ళలోకి దిగాలి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో పిల్లలు కూర్చుని పరీక్షలకు చదువుకునేలా ఒక గది కిటికీలు నీళ్ళ మీదికి తెరుచుకోవాలి. ఆడవాళ్ళు సాయంత్రం వచ్చి కూర్చోవడానికి చోటు ఉండాలి. గేటు ఉన్నా తాళం, టికెట్టు ఉండకూడదు. ఈద్గా అవతలి వీధి హిందూ సోదరులు కూడా ఆ కుంటనే వాడుకున్నవారు. వారినీ పిలిచి అడగాలి. వంటశాల నీళ్ళు, మరుగుదొడ్ల నీళ్ళు కుంటలోకి పోకుండా ముందే కాగితం మీద గీయించాలి.

కాని వీటన్నిటికన్నా ముందు కాలువ. గుట్ట మీది వాన నీరు కుంటకు వచ్చే ఆ పాత కాలువ ఎక్కడ మొదలై, ఏ ఏ ఇళ్ళ వెనుకగా వచ్చేదో సర్వే కాగితంలో ఒక గీతగా మాత్రమే ఉంది. నేల మీద అడుగుపెట్టి చూపించగలిగిన పెద్దమనిషి ఒక్కరే మిగిలారు. తండ్రి కాలం నుంచి తూము తీసి మూసిన నీరటి కుటుంబం వారిది, ఎనభై దాటాయి. వార్షికోత్సవం మరునాడు ఫజర్ తరువాత ఆయన మాతో నడవడానికి ఒప్పుకున్నారు. ఈద్గా గేటు దగ్గర కలుసుకుంటాము. వచ్చేవారు చెప్పులతో రావద్దు, గుట్ట కింద తుమ్మ ముళ్ళు దట్టంగా ఉన్నాయి. పెద్దాయన కూర్చోవడానికి ఒక మడత కుర్చీ ఎవరైనా తెస్తే మేలు.